అప్‌డేట్: మా ఊరి చర్చి తోటలో సైనికుడి సమాధికి రాయి

న్యూజెర్సీలో మా ఇంటి దగ్గరి పాత చర్చి రిజిస్టర్‌లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సైనికుడొకరు అక్కడే ఖననమైనట్టు ఉంది, కానీ సమాధిపై రాయి లేదు, బంధువులం కాని మేం పెట్టించవచ్చా అని అడిగాను కదా. పెట్టించవచ్చట! 1917 ఏప్రిల్ 6కు ముందే సర్వీసు ముగిసిన సైనికుడికైతే ఎవరైనా మాజీ సైనికుల శాఖకు దరఖాస్తు చేయొచ్చు. రాయి ఉచితమే. ప్రైవేటు శ్మశానంలో పాతించే ఖర్చు మాత్రం మనదే.

అసలు టెన్షన్ ఆయన సైన్యంలో పనిచేశారనే రుజువుల దగ్గర. 1800లో యుద్ధ శాఖ కార్యాలయం తగలబడి తొలినాటి రికార్డులు చాలావరకు పోయాయి. ఆదుకున్నది అప్పుడు మీరు చూడమని చెప్పిన ఆయన పెన్షన్ ఫైలే. 1832 చట్టం కింద కనీసం ఆరు నెలలు పనిచేసినవాళ్లకు పెన్షన్ వచ్చేది, అదీ పేదరికం నిరూపించుకోకుండానే. అందుకోసం ముసలివాళ్లు కోర్టులో ప్రమాణం చేసి ఎక్కడ, ఎవరి కింద పోరాడారో చెప్పేవారు. ఈయన 1778 నాటి మన్మత్ యుద్ధం గురించి చెప్పారు. చేతిరాత చదవడానికి కళ్లు లాగేశాయనుకోండి, అయినా నాకు నచ్చిన పని అదే.

చర్చివాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఫారం పంపేశాం. పక్కనున్న పాత రాళ్లను బ్లీచ్‌తో కడుగుదామని ఒకరన్నారు, వద్దన్నాను. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.

రాయి వచ్చాక చిన్న కార్యక్రమం పెడతాం. దగ్గర్లో ఉన్నవాళ్లు రండి.