లాస్ ఏంజెలెస్ - సిడ్నీ: దూరం లెక్క తప్పుతోంది, టైమూ అర్థం కావట్లేదు

ప్రశ్న:
అక్షాంశ రేఖాంశాలతో దూరం కట్టాను. లాస్ ఏంజెలెస్ 33.94, -118.41. సిడ్నీ 33.95, 151.18. నాకు 8,015 కి.మీ. వస్తోంది, ఎక్కడ చూసినా 12,050 అని ఉంది. పైగా వెళ్ళడానికి 15 గంటలు, రావడానికి పదమూడున్నర వేస్తున్నారు. దారి ఒకటే కదా? జనవరి 10 రాత్రి ఎక్కితే 12న దిగడమేమిటో కూడా చెప్పండి.

జవాబు 1:
సిడ్నీ దక్షిణార్ధగోళంలో ఉందండీ. 33.95 ముందు మైనస్ పెట్టలేదు మీరు. మీరు కొలిచింది జపాన్‌కి తూర్పున నడిసముద్రంలో ఒక చోటికి!

రేఖాంశాల తేడా 269.59, 180 దాటింది కాబట్టి 360లోంచి తీసేయండి, 90.41. ఇప్పుడు అక్షాంశాల సైన్‌ల లబ్ధం -0.3118. వాటి కాస్‌ల లబ్ధాన్ని 90.41 కాస్‌తో గుణిస్తే -0.0049. రెండూ కలిపితే -0.3167, దాని ఇన్వర్స్ కాస్ (అంటే ఆ కాస్ విలువ ఉన్న కోణం) 108.47 డిగ్రీలు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు, అంటే 6,508. దాన్ని 1.852తో గుణిస్తే 12,053 కి.మీ.

ఎక్సెల్‌లో వేస్తే ముందు డిగ్రీలను రేడియన్లలోకి మార్చండి. చాలామంది బోల్తా పడేది అక్కడే.

జవాబు 2:
టైము తేడా గాలి వల్ల. విమానాలు ఎగిరే ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. సిడ్నీ వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. విమానం వేగం గంటకు 900 కి.మీ., గాలి సగటున 50 అనుకోండి. వెళ్ళేటప్పుడు 850తో భాగిస్తే 14 గంటల 11 నిమిషాలు, వచ్చేటప్పుడు 950తో 12 గంటల 41 నిమిషాలు. టాక్సీ (విమానం గేటుకీ రన్‌వేకీ మధ్య నేల మీద నడవడం), గాల్లోకి లేవడం, కిందికి దిగడం కలిపి ఇంకో 40 నిమిషాలు వేయండి. గంటన్నర తేడా వచ్చేసింది చూడండి.

దారి పొడవునా అదే గాలి ఉండదు. భూమధ్యరేఖ దగ్గర నెమ్మదిస్తుంది, సిడ్నీ వైపు జూన్-ఆగస్టుల్లో ముదురుతుంది. అందుకే రోజూ ఒకే దారి పట్టరు. ఎదురుగాలి తప్పుతుందంటే వంద కి.మీ. చుట్టు తిరిగినా లాభమే. దూరాన్ని 900తో భాగించి ఊరుకునే సైట్లను నమ్మకండి. టికెట్ మీద వేసేది గేటు నుంచి గేటుకి పట్టే సమయం.

జవాబు 3:
తేదీ సంగతి: జనవరిలో సిడ్నీ 19 గంటలు ముందు. 10న రాత్రి 10:30కి ఎక్కితే, 15 గంటలకి లాస్ ఏంజెలెస్ టైము 11న మధ్యాహ్నం 1:30. దానికి 19 కలిపితే సిడ్నీలో 12 ఉదయం 8:30. తిరుగు ప్రయాణంలో ఉదయం 10కి ఎక్కి, అదే రోజు తెల్లవారుజామున 4:30కి దిగుతారు!

ఈ 19 ఏడాదంతా ఉండదు. జూలైలో 17, మార్చి చివర్లో 18. రెండు చోట్లా డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరపడం) వేర్వేరు తేదీల్లో మారుతుంది, అదీ ఎదురుబొదురుగా.

ప్రశ్న అడిగినవారు:
మైనస్ పెట్టగానే 12,053 వచ్చింది. హోనోలులులో ఆగి వెళ్తే దూరం బాగా పెరుగుతుందా?

జవాబు 2:
లేదు, 230 కి.మీ. దాకా. అంటే పావుగంట. గంటలు పెరిగేది మళ్ళీ దిగి ఎక్కడానికి, నేల మీద కాచుకోడానికి. రెండు విమానాలకీ కలిపి ఒకే టికెట్ తీసుకోండి. విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా ఆ డబ్బు మీదే పోతుంది.