మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం ఎక్కడ పుట్టింది, శిశు బాప్తిస్మాన్ని ఎందుకు ఒప్పుకోదు?

హన్మకొండ వాసి:

అందరికీ వందనాలు. మాది హన్మకొండ. మూడు తరాలుగా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంఘంలో ఉన్నాము. మా తాతగారు డోర్నకల్ అధ్యక్ష మండలంలో ఉపదేశిగా పనిచేశారు. ఇప్పుడు మా తమ్ముడికి మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. వారిది ఎం.బి. సంఘం, అంటే మెన్నోనైట్ బ్రదరెన్. అమ్మాయి, కుటుంబం మా అందరికీ నచ్చారు. అయితే వారి పాస్టరు గారు, అబ్బాయి ముంపు బాప్తిస్మం, అంటే ఒంటినంతా నీటిలో ముంచి ఇచ్చే బాప్తిస్మం, పొందాడా అని అడిగారు. చంటిబిడ్డగా ఉన్నప్పుడే బాప్తిస్మం పొంది, ఆ తర్వాత బిషపు గారి చేతుల మీదుగా కన్ఫర్మేషన్ (ఎదిగాక ఆ విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకునే ఆచారం) కూడా తీసుకున్నవాడికి మళ్ళీ బాప్తిస్మం ఏమిటని మా నాన్నగారు నొచ్చుకున్నారు. చెరసాల అధికారి ఇంటివారందరితో కలిసి బాప్తిస్మం పొందాడని అపొస్తలుల కార్యముల పదహారో అధ్యాయంలో ఉన్నది కదా, ఆ ఇంట్లో పిల్లలు లేరని ఎవరు చెప్పగలరన్నది ఆయన వాదన.

జనగామ వైపు పుట్టి పెరిగిన మా నానమ్మ ఎం.బి. అన్న మాట వినగానే, "వాళ్ళు రష్యా దొరల మిషనోళ్ళు కదా" అన్నది. పాలమూరుకూ రష్యాకూ సంబంధమేమిటో మాకెవరికీ అర్థం కాలేదు. ఈ సంఘం ఎక్కడ పుట్టింది, వారి విశ్వాసాలేమిటి, బాప్తిస్మం విషయంలో అంత పట్టుదల ఎందుకు అన్నది తెలిసినవారు వివరించగలరు. ఎవరినీ తప్పుపట్టాలని అడగడం లేదు. పెద్దలం కూర్చొని మాట్లాడుకునే ముందు తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పాత పుటలు:

మీ నానమ్మ గారు చెప్పినది అక్షరాలా నిజం. అయితే అసలు కథ రష్యాలో కాక స్విట్జర్లాండులో మొదలవుతుంది. 1525 జనవరిలో జ్యూరిక్ నగర మండలి, బాప్తిస్మం పొందని పసిబిడ్డలందరికీ ఎనిమిది రోజుల్లోగా బాప్తిస్మం ఇప్పించాలని, లేకపోతే ఆ కుటుంబాలను ఊరి నుంచి వెళ్ళగొడతామని ఆజ్ఞ జారీ చేసింది. ఆజ్ఞాపించినది సంఘం కాదు, ప్రభుత్వం. మీరు ఈ ఒక్క విషయాన్ని పట్టుకుంటే మిగిలినదంతా దానంతట అదే విడివడుతుంది. ఆ రోజుల్లో యూరప్‌లో బిడ్డ పుట్టడం, బాప్తిస్మం పొందడం, ఆ రాజ్యానికి ప్రజగా లెక్కలోకి రావడం మూడూ ఒకటే. అందుచేత బాప్తిస్మాన్ని ప్రశ్నించినవాడు రాజ్యాన్ని ప్రశ్నించినవాడయ్యేవాడు.

ఆ ఆజ్ఞ వచ్చిన కొద్ది రోజులకే, జనవరి 21వ తేదీన, ఫెలిక్స్ మాంజ్ అనే యువకుడి తల్లి ఇంట్లో కొందరు సమావేశమయ్యారు. ప్రార్థన అయ్యాక జార్జ్ బ్లౌరాక్ అనే మాజీ గురువు లేచి, తన విశ్వాసాన్ని బట్టి తనకు బాప్తిస్మం ఇవ్వమని కాన్రాడ్ గ్రేబెల్‌ను అడిగాడు, గ్రేబెల్ ఇచ్చాడు, ఆ తర్వాత బ్లౌరాక్ తక్కినవారికి ఇచ్చాడు. నీళ్ళలో ముంచలేదు, తల మీద పోశారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మీ తమ్ముడి విషయంలో దీనితో పని పడుతుంది. రెండేళ్ళు తిరగకముందే, 1527 జనవరిలో, అదే మాంజ్‌ను అదే ఊరి లిమ్మాట్ నదిలో కాళ్ళూ చేతులూ కట్టి ముంచి చంపారు. 1529లో స్పైయర్ నగరంలో కూడిన పవిత్ర రోమన్ సామ్రాజ్య సభ, రెండోసారి బాప్తిస్మం ఇవ్వడానికీ తీసుకోవడానికీ సామ్రాజ్యమంతటా మరణదండన విధించింది.

ఇక మెన్నో. మెన్నోనైట్ అన్న పేరు వచ్చింది ఈయన నుంచే. మెన్నో సైమన్స్ నెదర్లాండ్స్ ఉత్తర ప్రాంతమైన ఫ్రీస్‌లాండ్‌లో కతోలిక గురువు. 1531లో లీవార్డెన్ పట్టణంలో ఒక దర్జీని, కేవలం రెండోసారి బాప్తిస్మం తీసుకున్నందుకు, తల నరికారని విని ఆయన ఆశ్చర్యపోయాడు. బాప్తిస్మం రెండోసారి ఉంటుందన్న మాటే ఆయన అప్పటి వరకు వినలేదు. శిశు బాప్తిస్మానికి ఆధారం కోసం లేఖనాలు వెదికాడు, లూథర్ వంటి సంస్కర్తల రచనలు చదివాడు, ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పడం చూసి ఏదీ నిలబడదనుకున్నాడు. ఇంతలో 1534-35లో మ్యూన్‌స్టర్ పట్టణంలో ఇదే బోధ పేరుతో కొందరు కత్తి పట్టి, పట్టణాన్ని ఆక్రమించి, బహుభార్యాత్వం వంటి వింతలన్నీ చేసి ఘోరంగా నాశనమయ్యారు. 1536లో మెన్నో తన గురుత్వాన్ని వదిలి, చెల్లాచెదురైన శాంతికాముకులను సమకూర్చే పనికి పూనుకున్నాడు. ఆయన తలకు చక్రవర్తి 100 గిల్డర్లు వెల కట్టినా 1561లో సహజ మరణమే పొందాడు. ఆ తరంలో ఈ మార్గం పట్టినవారికి అది అరుదైన భాగ్యం.

హింస వల్ల వీరిలో చాలామంది ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నదీ ముఖప్రాంతానికి తరలిపోయారు. బురదనేలలను ఎండగట్టి సేద్యం చేయడంలో వారికి మంచి పేరుండేది. రష్యా మహారాణి రెండవ కేథరిన్ దక్షిణాది స్టెప్పీ భూములను సాగులోకి తేవడానికి విదేశీయులను పిలిచినప్పుడు, సైన్యంలో చేరనక్కరలేదన్న హామీ మీద వీరు 1789 నుంచి ఇప్పటి ఉక్రెయిన్‌కు వెళ్ళారు. మొదట ఖోర్టిట్సా, ఆ తర్వాత 1804లో మోలోచ్నా వలస గ్రామాలు వెలిశాయి.

అక్కడే చిత్రమైన సంగతి జరిగింది. ప్రభుత్వం బలవంతంగా ఇచ్చే బాప్తిస్మాన్ని ఎదిరించి ప్రాణాలిచ్చినవారి మనుమలు, తమ ఊళ్ళలో తామే ప్రభుత్వమయ్యారు. సంఘంలో సభ్యుడు కానివాడికి పెళ్ళి కాదు, ఊరిలో నిలకడ లేదు. దాంతో ఈడొచ్చిన ప్రతి కుర్రవాడూ, విశ్వాసం ఉన్నా లేకపోయినా, పెళ్ళికి ముందు బాప్తిస్మం తీసుకోవడం ఆనవాయితీ అయింది. లూథరన్ ప్రసంగీకుడైన ఎడ్వర్డ్ వ్యూస్ట్ బోధల వల్ల హృదయ పరివర్తన పొందిన కొందరు దీనిని సహించలేక, తమలో తాము ఇళ్ళలో ప్రభు రాత్రి భోజనం ఆచరించారు. పెద్దలు మండిపడ్డారు. 1860 జనవరి 6న 18 మంది వేరుపడుతున్నట్టు పత్రం రాసి సంతకాలు చేశారు. మెన్నోనైట్ బ్రదరెన్ పుట్టింది ఆ రోజునే. పూర్తిగా నీటిలో ముంచే పద్ధతి వీరు ఆ ఏడే చేపట్టారు. జర్మన్ బాప్టిస్టులతో సహవాసం వల్ల అది వారిలో మరింత స్థిరపడింది.

కాబట్టి మీ నాన్నగారి ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. బిడ్డకా పెద్దకా అన్నది 1525 నాటిది, పోయడమా ముంచడమా అన్నది 1860 నాటిది. మొదటిది వారి ప్రాణం. రెండోది ఆ తర్వాత వచ్చి చేరిన పద్ధతి అని నా అభిప్రాయం. తమ విశ్వాసాన్ని ఒప్పుకొని వేరే పద్ధతిలో బాప్తిస్మం పొందినవారిని 1960ల దశకం నుంచి ఉత్తర అమెరికాలోని వీరి సంఘాలే సభ్యులుగా చేర్చుకుంటున్నాయి.

కొండకింది బాప్టిస్టు:

పాత పుటలు గారు యూరప్ అంతా తిప్పి చూపించారు, సంతోషం. కానీ మన దగ్గర ఎం.బి. వారికీ బాప్టిస్టులకూ పేరులో తప్ప భేదం ఏమున్నదో నాకు తెలియడం లేదు. హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను 1879లో మొదలైంది. మా ఇంట్లోనూ అదే ముంపు, అదే సాక్ష్యం, అదే పాటల పుస్తకం. మెన్నోనైట్లదని చెప్పే శాంతి బోధ, అంటే కత్తి పట్టకూడదనే సిద్ధాంతం గురించి మా ఎం.బి. చుట్టాల నోట నేనెన్నడూ వినలేదు.

పాత పుటలు:

మీరు వినకపోవడానికి కారణం చరిత్రలోనే ఉన్నది. రష్యాలోని మెన్నోనైట్ బ్రదరెన్ వారు పంపిన అబ్రాహాం ఫ్రీసెన్ హాంబర్గ్‌లోని బాప్టిస్టు సెమినరీలో చదువుకొని, 1889లో అమెరికన్ బాప్టిస్టు మిషను కిందనే మన దేశానికి వచ్చి నల్లగొండలో స్థిరపడ్డారు. డబ్బు, మనుషులు మోలోచ్నా వంటి గ్రామాల నుంచి, నిర్వహణ బాప్టిస్టులది. ఆయన వెనుక వచ్చినవారు సూర్యాపేటలో, జనగామలో కూడా పనిచేశారు. నానమ్మ గారి "రష్యా దొరలు" వీరే. మొదటి ప్రపంచ యుద్ధం, రష్యా విప్లవం వచ్చి ఆ దారి మూసుకుపోయింది. ఆ సంఘాలు బాప్టిస్టు సంఘాలుగానే నిలిచిపోయాయి. అంటే జనగామ వైపు బాప్టిస్టుల్లో కొందరి మూలాలు మెన్నోనైట్ గ్రామాల్లో ఉన్నాయన్నమాట.

రష్యా నుంచి 1870లలో అమెరికా వెళ్ళిన మెన్నోనైట్ బ్రదరెన్ వారు మాత్రం విడిగా, తమ సొంత పేరుతో, 1899లో హైదరాబాదుకు వచ్చారు. నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, శంషాబాదు వారి కేంద్రాలయ్యాయి. 1937లో బాప్టిస్టు మిషను మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రాలను వారికి అప్పగించింది. కనుక నిన్న బాప్టిస్టులుగా ఉన్నవారు నేడు ఎం.బి. వారయ్యారు, నమ్మకం మార్చుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. బాప్తిస్మపు బోధ మన దగ్గరికి నిండుగా వచ్చి, శాంతి బోధ పలచబడడానికి కారణం ఇదేనని నేననుకుంటాను. దానికి తోడు, మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. రష్యాలో అయితే 1880ల నుంచి వారి యువకులు సైన్యానికి బదులు అడవుల పెంపకంలో పనిచేయవలసి వచ్చేది. పరీక్ష రానిచోట ఆ పాఠం మరుగున పడింది.

పాలమూరు బిడ్డ:

నేను పుట్టుకతో ఎం.బి. సంఘస్థుడిని, ఉద్యోగరీత్యా వరంగల్‌లో ఉంటున్నాను. పుట్టుకతో అనకూడదు నిజానికి. మా లెక్క ప్రకారం ఎవరూ పుట్టుకతో సభ్యులు కారు. మా ఇళ్ళలో బిడ్డ పుడితే గుడిలో ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు, బాప్తిస్మం ఉండదు. ఈడు వచ్చాక కోరుకున్నవారు సంఘ పెద్దల ముందు కూర్చోవాలి. ఎప్పుడు మారుమనస్సు పొందావు, ఏ పాపం విడిచావు, ఇంట్లోవాళ్ళు చెప్పారని వచ్చావా నీ అంతట నీవే వచ్చావా అని అడుగుతారు. మా ఊళ్ళో ఒక పెద్దాయన ఎవరినైనా ఒక ప్రశ్న తప్పక అడిగేవారు: "నీ పక్కింటివాణ్ణి అడిగితే నీవు మారినవని చెప్తడా?" కొందరిని మరో ఏడాది ఆగమని తిప్పి పంపేవారు. ఆ తర్వాత చెరువు దగ్గరికి తెల్ల బట్టల్లో వెళ్ళడం, నడుము లోతు నీళ్ళలో పాస్టరు గారు ముక్కు మూసి వెనక్కి వంచి ముంచడం, గట్టు మీద ఆడవాళ్ళు పాట అందుకోవడం. వేసవిలో చెరువు ఎండితే మోటబావి. ఇప్పుడు పట్టణాల్లో గుడిలోనే తొట్టి కట్టుకున్నారు.

తక్కిన విశ్వాసాలు మీకు కొత్తవేమీ కావు. త్రిత్వం, రక్షణ, బైబిలు అధికారం అన్నీ మీవే. మాకు బిషపులుండరు. బైబిలులో ఒట్టు పెట్టుకోవద్దని ఉన్నది కనుక కోర్టులో ప్రమాణం చేయకూడదని మా తాత పట్టుబట్టేవాడు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం ఒట్టుకు బదులు గంభీరంగా ధ్రువీకరించి సాక్ష్యం చెప్పవచ్చునని వకీలు నచ్చజెప్పాక గాని ఆయన బోను ఎక్కలేదు. నేటి తరంలో దానిని పట్టించుకునేవారు తక్కువ. కొండకింది బాప్టిస్టు గారి మాట కొంత నిజమే, శాంతి గురించి మా గుళ్ళలో ప్రసంగాలు అరుదు. అయితే శంషాబాదు ఆసుపత్రిలో 1945లో చనిపోయేదాకా సేవ చేసిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ పేరు మా పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటారు. మా వాళ్ళకు శాంతి బోధ ప్రసంగంగా కన్నా వైద్యంగా, బడిగా ఎక్కువ అందిందని నాకు అనిపిస్తుంది.

హన్మకొండ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ మా నాన్నగారికి చదివి వినిపించాను. ప్రభుత్వ ఆజ్ఞ సంగతి విని కాసేపు ఆలోచించారు గాని, మా గుడిలో బిడ్డకు బాప్తిస్మం ఇవ్వమని ఏ ప్రభుత్వమూ చెప్పలేదు, తల్లిదండ్రుల విశ్వాసాన్ని బట్టి ఇస్తాము, దానిని వాడు కన్ఫర్మేషన్‌లో తన నోటితో ఒప్పుకున్నాడు అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉన్నది. ఇంతకీ, మా తమ్ముడు ముంపు తీసుకోకపోతే పెళ్ళి చెల్లదా?

పాలమూరు బిడ్డ:

చట్టం దృష్టిలో ఆ ప్రశ్నే లేదన్నా. 1872 క్రైస్తవ వివాహ చట్టం క్రైస్తవ మతాన్ని అవలంబించేవారిని క్రైస్తవులంటుందే గాని, ఏ బాప్తిస్మం అని అడగదు. లైసెన్సు ఉన్న పాస్టరు ఎవరు చేసినా చెల్లుతుంది. పాస్టరు గారు అడిగినది పెళ్ళి కోసమా, లేక అబ్బాయిని ఎం.బి. సంఘంలో సభ్యుడిగా చేర్చుకోవడానికా అన్నది ముందు తేల్చుకోండి. మా వైపు రెండూ జరుగుతాయి. కొందరు పాస్టర్లు ఇద్దరిలో ఒకరు సంఘస్థులైతే చాలంటారు, కొందరు ఇద్దరూ ముంపు తీసుకుంటే గాని మా గుడిలో చేయమంటారు. రెండో రకమైతే పెళ్ళి మీ సీఎస్ఐ గుడిలో పెట్టుకొని, వారి పాస్టరు గారిని ప్రార్థనకు, వాక్యానికి పిలవడం మా చుట్టాల్లో చేసిన పనే. ఒక్క మాట మాత్రం అబ్బాయికి చెప్పండి. సంబంధం కోసం చెరువులో దిగితే, పెద్దల ముందు "నీ అంతట నీవే వచ్చావా" అన్న ప్రశ్నకు ఏమని జవాబిస్తాడు? మోలోచ్నాలో ఆ 18 మంది విడిపోయింది పెళ్ళి కోసం తీసుకునే బాప్తిస్మాన్ని చూసేనని ఆ పాస్టరు గారికి గుర్తు చేస్తే ఆయనే మెత్తబడవచ్చు.