ఛార్నోకైట్ అగ్నిశిలా, రూపాంతర శిలా? పరీక్షలో ఏది రాయాలి?

నెల్లూరు విద్యార్థి:
అందరికీ నమస్కారం. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివి, ఈ ఏడాది చెన్నైలో ఎమ్మెస్సీ జియాలజీలో చేరాను. గత నెల మమ్మల్ని పరంగిమలై, పల్లావరం ప్రాంతాలకు ఫీల్డ్‌కు తీసుకువెళ్లారు. అక్కడి రాయి నూనె పూసినట్లు నిగనిగలాడుతూ, నీలిపచ్చ ఛాయతో నల్లగా ఉంది. నేను గ్రానైట్ అన్నాను, అందరూ నవ్వారు. కలకత్తాలోని జాబ్ చార్నక్ (ఈస్టిండియా కంపెనీ అధికారి) సమాధి రాయి ఈ జాతిదేననీ, అందుకే 1893లో భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ దీనికి ఛార్నోకైట్ అని పేరు పెట్టారనీ మా అధ్యాపకులు చెప్పారు. అంతవరకు బాగానే ఉంది. అగ్నిశిలల పాఠంలో దీన్ని ఆర్థోపైరాక్సీన్ (ఇనుము, మెగ్నీషియం ఉన్న సిలికేట్ ఖనిజం) ఉన్న గ్రానైట్ అన్నారు. రూపాంతర శిలల పాఠానికి వచ్చేసరికి ఇదే రాయి గ్రాన్యులైట్ ఫేసీస్‌కు, అంటే చాలా ఎక్కువ వేడిలో జరిగే రూపాంతర స్థాయికి, ఉదాహరణ అయింది. రెండు వారాల్లో పరీక్ష ఉంది. ఏది సరైనది? నలుగురికి ఒకే మైక్రోస్కోప్ కావడంతో థిన్ సెక్షన్‌లో (కాంతి దూరేంత పలచగా అరగదీసిన రాతి ముక్కలో) హైపర్‌స్తీన్ అనే ఆర్థోపైరాక్సీన్‌ను గుర్తుపట్టడం కూడా నాకింకా పట్టుబడలేదు.

పెట్రాలజీ బోధించే ఒకరు:
బాబూ, రెండు పాఠాలూ సరైనవే. ఛార్నోకైట్ అనే పేరు రాతిలోని ఖనిజాలను చెబుతుందే గాని పుట్టుకను చెప్పదు. హాలండ్ సిలికా ఎక్కువగా ఉన్న ఆమ్ల శిలల నుంచి అత్యల్ప సిలికా ఉన్న శిలల వరకు మొత్తాన్ని ఒకే మాగ్మా కుటుంబంగా భావించారు. తర్వాతి వారు వాటిలోని పట్టీలను, గింజల అమరికను చూసి రూపాంతరం వైపు మొగ్గారు.

అసలు కీలకం నీరు. బయోటైట్ (నల్ల అభ్రకం), హార్న్‌బ్లెండ్ అనే ఖనిజాల స్ఫటిక నిర్మాణంలో హైడ్రాక్సిల్ ఉంటుంది, ఆర్థోపైరాక్సీన్‌లో ఉండదు. నీరు తక్కువగా ఉన్న వేడి మాగ్మా నుంచి ఆర్థోపైరాక్సీన్ నేరుగా స్ఫటికీకరించవచ్చు. లేదా అప్పటికే గట్టిపడిన నైస్ (పట్టీలున్న రూపాంతర శిల), భూపటలపు లోతుల్లో సుమారు 700 డిగ్రీల సెల్సియస్‌కు పైబడి వేడెక్కినప్పుడు, అందులోని బయోటైట్ క్వార్ట్జ్‌తో చర్య జరిపి ఆర్థోపైరాక్సీన్, పొటాష్ ఫెల్డ్‌స్పార్, నీరుగా మారవచ్చు. మీరు భౌతికశాస్త్రం చదివారు కనుక దీన్ని సమతాస్థితిగా ఊహించుకోండి: పరిసరాల్లో నీటి యాక్టివిటీ (చర్యలో పాల్గొనే నీటి ప్రభావం) తగ్గినకొద్దీ చర్య కుడివైపుకు, అంటే ఆర్థోపైరాక్సీన్ ఏర్పడే వైపుకు, సాగుతుంది.

ఇక మైక్రోస్కోప్ సంగతి. పై నికాల్ (కాంతిని ఒకే తలంలో కంపించేలా చేసే వడపోత) తీసివేసి, స్లైడ్ ఉంచే స్టేజిని తిప్పితే హైపర్‌స్తీన్ లేత గులాబీ నుంచి లేత ఆకుపచ్చకు రంగు మారుతుంది. రెండు నికాల్స్ మధ్య, పొడవుగా ఒకే దిశలో క్లీవేజ్ గీతలు (ఖనిజం సులువుగా చీలే తలాల గుర్తులు) కనిపించే గింజను ఎంచుకుంటే, ఆ గీతలు కంటి కటకంలోని క్రాస్‌వైర్‌కు సమాంతరంగా వచ్చినప్పుడు గింజ చీకటవుతుంది. దాని దగ్గరి బంధువైన క్లినోపైరాక్సీన్ అయితే సాధారణంగా ఏటవాలుగా చీకటవుతుంది, దాని ఇంటర్‌ఫెరెన్స్ రంగులు కూడా మరింత ప్రకాశవంతంగా ఉంటాయి. దారిన కనబడిన ప్రతి గింజ మీదా ఈ పరీక్ష చేయకండి. అడ్డకోతలో రెండు క్లీవేజ్‌లు కనిపించే గింజ మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

బెంగళూరు నుంచి ఒక పాత విద్యార్థి:
ఒకసారి కబ్బాళదుర్గం చూసి రండి. బెంగళూరు నుంచి కనకపుర దాటి వెళ్లాలి. కబ్బాళమ్మ దర్శనానికి వచ్చేవారు అక్కడి క్వారీ వైపు తలెత్తి చూడరు గాని, మనకు అదే అసలు దర్శనం. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ బురుజు నిలబడిన బండ, సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి పెనిన్సులార్ నైస్, అందరూ చూసినదే. కబ్బాళలో అలాంటి బూడిదరంగు నైస్ మధ్యలోనే ముదురు ఆకుపచ్చ మచ్చలు, నాళాలు కనిపిస్తాయి. నైస్‌లోని పట్టీలు ఆ మచ్చలోకి వచ్చి మసకబారిపోతాయి. అంటే పట్టీలు ముందు ఏర్పడ్డాయి, ఛార్నోకైట్ తర్వాత. నైస్ ఛార్నోకైట్‌గా మారుతూ ఉన్న ఈ దశను భూగర్భ శాస్త్రవేత్త పిచ్చముత్తు 1960లో లోకానికి తెలిపారు. లోతుల నుంచి కార్బన్ డయాక్సైడ్ అధికంగా ఉన్న ద్రవాలు పగుళ్ల వెంట పైకి వచ్చి నీటి పాలును తగ్గించాయని తరువాతి పరిశోధకులు వివరించారు. రాయి కొంత కరిగి, ఆ ద్రవం నీటిని తనలోకి లాక్కుందని వాదించేవారూ ఉన్నారు.

జియో సైంటిస్ట్ పరీక్షకు చదువుతున్న ఒకరు:
పై వ్యాఖ్యతో ఒక చిన్న పేచీ ఉంది. కబ్బాళ మచ్చల కథను తెచ్చి పల్లావరం కొండకు అతికించకండి. పల్లావరంలో ఉన్నవి మచ్చలు కావు. పెద్ద విస్తీర్ణంలో పరుచుకున్న ఛార్నోకైట్. వాటిలో చాలా భాగం మొదట మాగ్మాగా చొచ్చుకువచ్చి, సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట గ్రాన్యులైట్ స్థాయి రూపాంతరానికి లోనైందని చాలామంది భావిస్తారు. జవాబులో ముందు ఖనిజాలతో నిర్వచనం, ఆ తర్వాత రెండు పుట్టుకలు, ఒక్కోదానికి ఒక్కో స్థలం రాసి, బయోటైట్ చర్యను సమీకరణంగా చూపండి. సమీకరణం లేని జవాబు వ్యాసంలా ఉంటుంది, మార్కులు రాలవు.

నెల్లూరు విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు స్లైడ్ పెట్టి చూశాను. గులాబీ, ఆకుపచ్చ మార్పు కనిపించింది. అయితే అదే గింజ అంచున గోధుమ రంగు బయోటైట్ ఉంది. నీరు పోయి పైరాక్సీన్ ఏర్పడినప్పుడు, మళ్లీ బయోటైట్ ఎలా వచ్చింది?

పెట్రాలజీ బోధించే ఒకరు:
మంచి గింజే దొరికింది. రాయి చల్లారే దశలో నీరు తిరిగి చేరితే చర్య వెనక్కి నడుస్తుంది. అయితే అది చర్యలో ఖర్చు కాకుండా మిగిలిపోయిన పాత బయోటైట్ కూడా కావచ్చు. అది పైరాక్సీన్ క్లీవేజ్ వెంట లోపలికి చొచ్చుకుపోయి అంచును కొరికినట్లుంటే తరువాత వచ్చినదే అనుకోవచ్చు. పైరాక్సీన్ లోపల గుండ్రటి చిన్న గింజగా చిక్కుకుని ఉంటే పాతది కావడానికి అవకాశం ఎక్కువ. రికార్డు పుస్తకంలో ఆ గింజ బొమ్మను పెన్సిల్‌తో గీసి, అంచులను ఉన్నవి ఉన్నట్లుగా చూపి, పక్కన స్కేలు వేసి, తర్వాతి తరగతిలో మీ అధ్యాపకులకు చూపండి.