తెలుగు వ్యాసరచనను కంప్యూటర్‌పై నేర్పినవారి అనుభవాలు కావాలి

కావలి మాస్టారు: మా బడిలో పనిచేసే కంప్యూటర్లు 11, తొమ్మిదో తరగతి పిల్లలు 34 మంది. కాగితంపై చిత్తు రాసి సాపు చేయమంటే తప్పులతో సహా అందంగా ఎత్తి రాస్తారు. తెరపైనైతే పేరాను కిందికీ మీదికీ జరపడానికి వెనుకాడడం లేదు. ఏ కీబోర్డు నేర్పాలి, ముగ్గురు కలిసి రాసినదానికి మార్కులు ఎలా వేయాలి, చేతిరాత దెబ్బతింటుందా అన్నవి నా సందేహాలు.

ఒంగోలు డీటీపీ: శుభలేఖల నుంచి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల వరకు ఇరవై రెండేళ్లుగా కూర్చుతున్నవాడిగా చెబుతున్నాను, డీటీపీలో వాడే ఆపిల్ లేఅవుట్‌కు (తెలుగు మీటల అమరికల్లో ఒకటి) అలవాటుపడిన చేయి మరోదాన్ని ఒప్పుకోదు. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టడం అసలు టైపింగే కాదు.

కోవూరు టీచరు: అయ్యా, మాస్టారు అడిగింది వ్యాసం గురించి, వేగం గురించి కాదు. ఇన్‌స్క్రిప్టు అనే మీటల అమరికతో మొదలుపెట్టిన ఏడాది రెండు నెలలు ‘అమ్మ’ దగ్గరే ఆగిపోయాము. మరుసటి ఏడాది ఇంగ్లిషు అక్షరాలతో కొట్టనిస్తే మొదటి రోజే పెన్నకు వరద వచ్చిన సంగతిని ఒక్కొక్కరు పది వాక్యాలు రాశారు.

పొదిలి తెలుగు: ఆ రెండు నెలలు వృథా కాలేదమ్మా. ఇన్‌స్క్రిప్టు 1991 నాటి భారతీయ ప్రమాణంలోనే ఉంది. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. ‘స’ ఉన్న మీటకు షిఫ్టు కలిపితే ‘శ’, దాని పక్క మీటకు కలిపితే ‘ష’ పడతాయి కనుక ఏది కావాలో పిల్లవాడే తేల్చుకోవాలి. మీ పద్ధతిలో ‘అర్థం’, ‘అర్ధం’ పక్కపక్కనే కనబడితే ముందున్నదాన్ని తాకి వెళ్లిపోతాడు. మా తరగతిలో ఒకమ్మాయి ‘పాఠం అర్ధమైంది’ అని రాస్తే, సగమే తలకెక్కిందా అని అడిగాను. నవ్వి దిద్దుకుంది, మర్నాడు ‘ప్రార్ధన’ అని రాసింది.

కోవూరు టీచరు: ఇన్‌స్క్రిప్టు నేర్చిన పిల్లే కదా ‘ప్రార్ధన’ రాసింది? థ, ధల తికమక ఫోన్లు పుట్టకముందే ఫ్లెక్సీలకూ గోడలకూ ఎక్కింది. సూచనల్లో రెండు మాటలూ కనబడడమే నాకు పాఠం; వాటిని తెరపై పెద్దగా చూపించి, ఏది ఎందుకో పిల్లల చేతనే చెప్పిస్తాను.

ఒంగోలు డీటీపీ: ఫ్లెక్సీల తప్పులను మాకు అంటగట్టవద్దు. పార్టీవాళ్లు రాసిచ్చినదాన్ని దిద్దితే డబ్బులివ్వరు.

ఉదయగిరి బడి: నిరుడు మా బడి పత్రికను ఒక దుకాణంలో పాత డీటీపీ ఖతులతో (ఫాంట్లతో) కూర్పించాము. ఆ ఫైలును బడి కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరమూ కనబడలేదు. పిల్లలు పత్రిక మొత్తాన్ని, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో మళ్లీ కొట్టారు. ఇరవై రెండేళ్ల అనుభవానికి ముందు ఈ సంగతి చెప్పవలసింది.

ఒంగోలు డీటీపీ: అది నా దుకాణం కాదు.

చీమకుర్తి అమ్మ: మా అబ్బాయి ట్యాబ్‌లో రెండు పుటలు రాస్తాడు, కాగితం ఇస్తే ‘లక్ష్మి’ దగ్గర మకారపు వత్తు ఎక్కడ పెట్టాలో తెలియక కలం ఆపేస్తాడు. పదో తరగతి పబ్లిక్ పరీక్షను కలంతోనే రాయాలి కదా, దీనికి ఎవరైనా మార్గం చెబుతారా?

నెల్లూరు విశ్రాంత పండితుడు: ఇన్ని మీటల గొడవ ఎందుకు, చెబితే రాసుకునే సౌకర్యం ఫోనులోనే ఉంది కదా. తిక్కన చెబుతుండగా గురునాథుడు రాశాడని మన ఊళ్లో అందరికీ తెలిసిన కథే. ఒకచోట పద్యం నడవక కవి “ఏమి చెప్పుదున్ గురునాథా” అని తనను ఉద్దేశించి అంటే, గురునాథుడు సంధిని విడదీసి చూసుకొని, ధృతరాష్ట్రుడిని పిలిచే ‘కురునాథా’గా పద్యంలో కలిపేశాడట.

పొదిలి తెలుగు: మీ ఫోను ఆ గకారం వెనుక కకారాన్ని పట్టగలదా, పండితులవారూ?

కావలి మాస్టారు: మార్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రస్తుతం ఒకరు చెబుతారు, ఒకరు కొడతారు, ఒకరు తప్పులు చూస్తారు. పావుగంటకోసారి స్థానాలు మార్చి, ప్రతి మార్పుకూ ఫైలును వేరే అంకెతో దాయిస్తున్నాను. మూడు ప్రతులను పక్కపక్కన పెడితే ఎవరి చేతిలో వాక్యం బాగుపడిందో తెలుస్తుంది, మార్కులు దానికే వేస్తున్నాను. చీమకుర్తి అమ్మగారూ, చివరి ప్రతిని చూడకుండా కలంతో రాయించి చూడండి. మా పిల్లలకు వారానికొకసారి అదే పని.

ఒంగోలు డీటీపీ: కావలికి ఆదివారాలు వస్తుంటాను మాస్టారూ, ఉచితంగా నేర్పుతాను. ఆపిల్ లేఅవుట్ అయితేనే.