గ్రంథాలయంలో ఆరోగ్య సమాచారం: కావాలా, వద్దా?

ఓరుగల్లు పాఠకుడు

మా కాలనీ సంఘంలో ఈ మధ్య ఒక మాట లేచింది. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, మండలాల్లో ఉన్న శాఖా గ్రంథాలయాల్లో జబ్బులు, మందులు, పరీక్షల గురించి మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో నమ్మదగిన సమాచారం పెట్టాలి, అడిగినవాళ్లకు వెతికి ఇచ్చే మనిషి ఉండాలి అని కొందరం అన్నాం. సగం మంది వెంటనే అడ్డం చెప్పారు, అది డాక్టర్ల పని, మీకెందుకు అని. అందుకే ఇక్కడ పెడుతున్నా, అందరూ చెప్పండి.

నా మాట మొదటే చెప్తున్నా. కావాలి. దవాఖానలో డాక్టర్ ముందు కూర్చునేది రెండు మూడు నిమిషాలు. అది డాక్టర్ తప్పు కాదు, బయట లైన్ అంత ఉంటుంది. చేతిలో రిపోర్టు ఇంగ్లీషులో, మందుల చీటీ ఇంగ్లీషులో. హెచ్‌బీఏ1సీ అంటే గత మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష అని, పొద్దున్నే పరగడుపున చేసే పరీక్ష వేరు అని చెప్పేవాళ్లు లేక, ఒకటి ఎక్కువ ఇంకొకటి తక్కువ వచ్చిందని ల్యాబ్‌వాళ్లతో గొడవ పడినవాళ్లను చూశా. బయటికి వచ్చాక వీళ్లు ఎవరిని అడగాలి? మెడికల్ షాపు, ఊళ్లో ఆర్‌ఎంపీ, లేదా ఫోన్లో వీడియో. ఈ మూడింట్లో అమ్మేది ఏమీ లేని చోటు ఒక్కటీ లేదు. గ్రంథాలయంలో అమ్మేది ఏమీ లేదు, నాకు అన్నింటికంటే పెద్ద కారణం అదే.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్ మనమే కడుతున్నాం. 1904లోనే హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరు మనది, నిజాం కాలంలో తెలుగు చదువుకోవడానికి చోటు లేకపోతే జనమే చోటు చేసుకున్నారు. ఇప్పుడు జనానికి తెలియాల్సిన వాటిలో ఒంటి సంగతి ముందు వరుసలో లేదా?

షాపు నడిపేవాణ్ణి, కరీంనగర్

అన్నా, మెడికల్ షాపును కూడా ఆ లైన్లో నిలబెట్టారు కాబట్టి రాస్తున్నా. నేను వ్యతిరేకం.

రోజూ నా కౌంటర్ ముందు జరిగేది చెప్తా. బీపీ గోలీలు ఆరు నెలలుగా వాడుతున్న మనిషి వచ్చి, ఈ మందు కిడ్నీలు పాడు చేస్తుందని చదివాను, ఆపేశాను అంటాడు. బీపీని వదిలేస్తేనే కిడ్నీలు పోతాయయ్యా అంటే నమ్మడు, ఎందుకంటే చదివింది అచ్చులో ఉంది, నేను చెప్పింది నోటిమాట. గ్రంథాలయంలో దొరికింది అంటే ఇంకా గట్టిగా నమ్ముతారు. సగం తెలిసిన మనిషి ఏమీ తెలియని మనిషి కంటే మొండిగా ఉంటాడని నా అనుభవం.

ఇంకోటి, టైం. పక్షవాతం వచ్చి మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయిన మనిషికి మెదడులో రక్తం గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపు పడాలి, అదీ ముందు స్కాన్ చేశాకే. ఆ టైంలో ఇంట్లోవాళ్లు పుస్తకం వెతికితే మనిషి దక్కడు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వమని ఇప్పటికే మా మీద ఒత్తిడి, స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉంటే డాక్టర్ రాయందే వాడొద్దని అర్థం అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది. రేపు 'లైబ్రరీలో చదివిన, ఇదే ఇయ్యి' అని వస్తే నేనేం చేయాలి?

లైబ్రేరియన్, జగిత్యాల వైపు

ఇద్దరూ గ్రంథాలయం బయటి నుంచి మాట్లాడుతున్నారు, నేను లోపలి నుంచి చెప్తాను.

పొద్దున తలుపు తీసే టైంకే గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పిల్లలు బయట నిలబడి ఉంటారు. కుర్చీలు వాళ్లకే చాలవు. పేపర్లు చదివే పెద్దవాళ్లు ఒక బల్ల చుట్టూ సర్దుకుంటారు. చాలా శాఖల్లో ఒక్క మనిషే తాళం తీయాలి, ఊడవాలి, పుస్తకం ఇవ్వాలి, రిజిస్టర్ రాయాలి. సెస్ సంగతి కూడా చెప్పాలి సార్, మీరు కట్టిన పైసలు మున్సిపాలిటీ దగ్గరే ఏళ్ల తరబడి బాకీగా ఉండిపోవడం మాకు కొత్త కాదు.

అయినా నేను వద్దు అనడం లేదు. మనుషులు ఇప్పటికే వచ్చి అడుగుతున్నారు. కూతురికి థైరాయిడ్ అన్నారు, దాని గురించి తెలుగులో ఏమన్నా ఉందా అని మొన్న ఒకావిడ వచ్చింది. అల్మారా తీసి చూపిద్దామంటే నాకే భయం వేసింది. అక్కడ ఉన్న ఆరోగ్యం పుస్తకాలు ఎప్పటివో. ఒకదాంట్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు అని ఉంది. ఆ మందు 2005 నుంచి మన దేశంలో లేనే లేదు, ఇప్పుడు సర్కారు దవాఖానలో ఇచ్చేది చేతికి. కానీ ఆ 14 సూదుల భయంతోనే ఇప్పటికీ కుక్క కాటును దాచిపెట్టే పిల్లలు, నాటు మందుకు పోయే పెద్దలు ఉన్నారు. ఇంకో పుస్తకంలో పాము కరిస్తే పైన తాడు బిగించి, కాటు దగ్గర బ్లేడుతో కోయాలని బొమ్మ వేసి మరీ ఉంది. ఈ పుస్తకాలను నేను తీసేయలేను, రికార్డులో ఉన్నవి కదా, కొట్టివేతకు పై నుంచి అనుమతి రావాలి.

కాబట్టి కొత్త విభాగం పెట్టే ముందు పాతవి ఏరివేయడానికి అధికారం ఇవ్వండి. నాకు ఇది మొదటి షరతు.

రెండోది ఇంకా కష్టమైంది. మా హాల్లో గుసగుసగా మాట్లాడినా పది మందికి వినిపిస్తుంది. టీబీ గురించి, పిల్లలు కాకపోవడం గురించి, హెచ్‌ఐవీ గురించి నా బల్ల ముందు నిలబడి ఎవరు అడుగుతారు? అడిగినా పుస్తకం తీసుకుంటే రిజిస్టర్లో పేరు పడుతుంది, ఆ రిజిస్టర్ బల్ల మీదే తెరిచి ఉంటుంది, తర్వాత సంతకం పెట్టేవాడు పై వరుస చదువుతాడు. ఊరు చిన్నది సార్.

ఓరుగల్లు పాఠకుడు

మేడం, రిజిస్టర్ సంగతి నాకు తట్టనే లేదు. ఆరోగ్య పత్రాలను పేరు రాయకుండా ఉచితంగా తీసుకుపోయేలా పెడితే? ఒక మడత కాగితం, తీసుకుని జేబులో పెట్టుకుని పోవడమే. పుస్తకం కంటే అదే మేలు, పాతబడితే పారేయొచ్చు కూడా. ప్రతి కాగితం మీద తయారైన నెల, సంవత్సరం పెద్ద అక్షరాల్లో ఉండాలి, రెండేళ్లు దాటితే బల్ల మీద ఉండకూడదు.

కరీంనగర్ తమ్ముడికి ఒక మాట. బీపీ గోలీ ఆపేసిన ఆ మనిషి చదివింది గ్రంథాలయంలో కాదు కదా. మంచి సమాచారం ఎక్కడా లేకపోవడం వల్లే ఆ చెడ్డది అంత బలంగా పట్టుకుంది.

గ్రూప్స్ తయారీ

కుర్చీలు తీసేయకపోతే చాలు. రూములకు, ఫీజులకు పైసలు లేక ఇక్కడ కూర్చుంటున్నాం.

పల్లె దవాఖాన సిస్టర్, ములుగు

అందరూ గ్రంథాలయానికి జనం వస్తారనే అనుకుని మాట్లాడుతున్నారు. మా దగ్గర ఎవరు వస్తారు? చదువుకునే మగపిల్లలు, రిటైరైన సార్లు. సమాచారం ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లు, అంటే గర్భిణులు, పొలాల్లో పురుగుమందు కొట్టే కూలీలు, షుగర్ ఉన్న ముసలమ్మలు, గ్రంథాలయం మెట్టెక్కి ఎరగరు. చాలామందికి చదువు రాదు. గుట్టల మీది గూడేల్లో ఇంట్లో మాట్లాడేది కోయ.

కానీ సమాచారం లేక ఏం జరుగుతుందో మాకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం, మన రాష్ట్రంలో 60.7 శాతం, దేశంలో మనదే మొదటి స్థానం. కరీంనగర్ జిల్లాలో 80 శాతం దాటింది. దీంట్లో ప్రైవేటు దవాఖానల లాభం ఉంది, నేను కాదనను. కానీ ముహూర్తం పెట్టించుకుని వచ్చి ఆ గంటకే ఆపరేషన్ చేయమనే అత్తగార్లూ ఉన్నారు, నొప్పులు ఓర్చుకోలేదని బిడ్డ మీద బెంగతో బతిమాలే తల్లులూ ఉన్నారు. ఏ పరిస్థితుల్లో కోత తప్పదు, ఏ పరిస్థితుల్లో అవసరం లేదు, కోత తర్వాత రెండో కాన్పుకు ఏం ఇబ్బందులు రావచ్చు అనేది ఏడో నెలలోనే నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పాలి, కాన్పు గది ముందు చెప్తే ఎవరికి ఎక్కుతుంది? నేను, ఆశాలు చెప్తూనే ఉన్నాం, కానీ మా చేతిలో చూపించడానికి బొమ్మలతో ఉన్న మంచి కాగితం ఒక్కటి ఉండదు.

పాము కాటు కూడా అంతే. తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108 పిలవాలి, అంతే కదా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఒకటే విరుగుడు సూది, కాబట్టి పామును చంపి తెచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. కుక్క కాటుకు సబ్బు పెట్టి 15 నిమిషాలు పారే నీళ్లతో కడగాలి, కారం, సున్నం పెట్టొద్దు. పత్తికి మందు కొట్టేవాళ్లకు డబ్బా మీది త్రికోణం రంగు చెప్పాలి, ఎరుపు ఉంటే అన్నింట్లోకీ ఎక్కువ విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. వీటికి డాక్టర్ చదువు అక్కర్లేదు.

నేను అడిగేది ఒక్కటే. ఆ కాగితాలు గ్రంథాలయంలో కూర్చోకూడదు. మహిళా సంఘం మీటింగుకు రావాలి, బడికి రావాలి, ఒకరు చదివితే పదిమంది వినాలి.

రిటైర్డ్ టీచర్, హుస్నాబాద్

ఈ పని లోకంలో మొదటిసారి మనం చేసేది కాదు. ఇంగ్లండులో 2013 నుంచి ప్రజా గ్రంథాలయాల ద్వారా ఒక పథకం నడుస్తోంది, మనసు బాగోలేని వాళ్లకు డాక్టర్ కొన్ని పుస్తకాలు సూచిస్తే అవి దగ్గరి గ్రంథాలయంలో దొరుకుతాయి. ఆ జాబితా తయారు చేసేది లైబ్రేరియన్ ఒక్కరే కూర్చుని కాదు, వైద్య రంగం వాళ్లు చూసి ఒప్పుకున్నవే అందులో ఉంటాయి. అమెరికాలో జాతీయ వైద్య గ్రంథాలయమే 1998లో మామూలు జనం కోసం మెడ్‌లైన్‌ప్లస్ అనే వెబ్‌సైట్ తెరిచింది, అందులో మందుల ప్రకటనలు ఉండవు. అక్కడి లైబ్రేరియన్లకు నేర్పే మొదటి నియమం కూడా మన జగిత్యాల మేడం భయానికి సరిపోతుంది. సమాచారం చూపించు, సలహా ఇవ్వకు. 'ఈ గోలీ వేసుకోవచ్చా' అంటే డాక్టర్ను అడగమని చెప్పాలి, 'ఈ గోలీ దేనికి' అంటే కాగితం తీసి ఇవ్వాలి.

షాపు నడిపేవాణ్ణి, కరీంనగర్

సార్, ఇంగ్లండులో జాబితా చూసి ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. మన దగ్గర పుస్తకాలు ఎలా వస్తాయో మేడంనే చెప్పమనండి. సగం విరాళాలు. 'వారంలో షుగర్ మాయం' పుస్తకం రాసినవాడే పది కాపీలు తెచ్చి, ఫొటో దిగి ఇచ్చిపోతాడు. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 చట్టం కింద నేరం, కానీ పుస్తకం అయ్యేసరికి అల్మారాలో చక్కగా కూర్చుంటుంది. ఆ అల్మారా మీద ఆరోగ్య విభాగం అని బోర్డు పెడితే దానికి సర్కారు ముద్ర పడ్డట్టే.

సిస్టర్ గారు చెప్పినవాటికి నేను అడ్డం కాదు. పాము కాటు, కుక్క కాటు, కాన్పు, పురుగుమందు కొట్టడం, వీటిమీద చెప్పడంలో తేడా రాదు. నా పంచాయితీ జబ్బుల పుస్తకాలతో, విరాళాలతో.

లైబ్రేరియన్, జగిత్యాల వైపు

ఆయన చెప్పింది నిజం. విరాళం వద్దంటే, ఇచ్చేది ఎవరి మనిషో చూసుకోమని ఫోన్ వస్తుంది. నాకు 'కాదు' అనే కాగితం చేతిలో ఉండాలి, పై నుంచి సంతకంతో.

ఓరుగల్లు పాఠకుడు

ఆ కాగితం ఇవ్వగలిగినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. రాష్ట్రంలోని చాలా వైద్య కళాశాలలు అనుబంధంగా ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది, దానికి పెట్టింది కాళోజీ పేరు. జనం భాషలో రాయాలని జీవితమంతా పోట్లాడిన మనిషి ఆయన. ఆ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం నుంచి మామూలు జనం చదివే తెలుగు కాగితం రావాలని అడిగే హక్కు మనకుంది. కాకతీయ మెడికల్ కాలేజీ పిల్లలు రాయాలి, వాళ్ల ప్రొఫెసర్లు చూడాలి, సిస్టర్ లాంటివాళ్లు చదివి ఏ మాట ఊళ్లో అర్థం కాదో చెప్పాలి, ఆ తర్వాతే అచ్చు. ఆ ముద్ర ఉన్నదే బల్ల మీద ఉంటుంది, విరాళంగా వచ్చిన జబ్బుల పుస్తకం ఏదీ ఆ బల్ల మీదకు రాదు.

ఇదంతా రాసి జిల్లా గ్రంథాలయ సంస్థకు, విశ్వవిద్యాలయానికి ఒకేసారి వినతిపత్రం ఇద్దాం. పాత పుస్తకాల ఏరివేత మొదటి అంశంగా పెడతా. కరీంనగర్ తమ్ముడూ, విరాళాల నిబంధన నువ్వే రాసి పంపు, నీ అంత గట్టిగా ఎవరూ రాయలేరు.

పల్లె దవాఖాన సిస్టర్, ములుగు

సంఘం మీటింగుల మాట కూడా రాయండి, మర్చిపోవద్దు. కోయలో మాట్లాడేవాళ్ల కోసం కాగితం కాదు, ఫోన్లో వినే రికార్డింగు అడగండి. వానలకు ముందే పాము కాటు, మలేరియావి చేతికి రావాలి, ఆగస్టులో వస్తే మాకు ఉపయోగం లేదు.

షాపు నడిపేవాణ్ణి, కరీంనగర్

రాస్తా. కానీ ఒకటి, 'పక్షవాతం లక్షణాలు కనబడితే ఇది చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి' అని ఆ కాగితం పైనే, అన్నింటికంటే ముందు ఉండాలి. అది లేకపోతే నేను సంతకం పెట్టను.