మతేరా: గుహ గదిలో రాత్రి ఉండాల్సిందేనా, బారి నుంచి ఒక పగలు చాలా?

కొలిమిగట్టు
దక్షిణ ఇటలీ యాత్ర గురించి ఎవరు అడిగినా ఇక్కడ ఒకటే పాట: "మతేరా వెళ్తే గుహ హోటల్లో ఒక రాత్రైనా ఉండాలి, లేకపోతే వెళ్ళినట్టే కాదు." నేను ఒప్పుకోను. దగ్గర్లోని పెద్ద నగరం బారిలో సామాను పెట్టేసి, పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొస్తే చాలామందికి సరిపోతుంది. లెక్క చెప్తాను, తప్పుంటే దిద్దండి.

రాతిలో తొలిచిన గుహ ఇళ్ళ ఊరు మతేరా, బారి నుంచి సుమారు 65 కిలోమీటర్లు. జాతీయ రైల్వే లైను మతేరా ఊళ్ళోకి లేదు. వెళ్ళేది ఎఫ్‌ఏఎల్ సంస్థ నడిపే చిన్న గేజి రైలు. దాని స్టేషను బారి సెంట్రల్‌కి ఆనుకునే ఉంటుంది గానీ గుమ్మం వేరు, టికెట్టు వేరు. ప్రయాణం గంటన్నర పైన, రెండు గంటల లోపు. కొన్ని బళ్ళు ఆల్తమురాలో రెండు ముక్కలవుతాయి, ఒకటి మతేరాకి, ఇంకొకటి గ్రవీనా అనే వేరే ఊరికి. పెట్టె మీద బోర్డు చూడకుండా కూర్చుంటే గ్రవీనా చూసి రావాల్సిందే. మతేరాలో ముందు విల్లా లోంగో వస్తుంది, అక్కడ దిగకండి. చెంత్రాలేలో దిగితే ఊరి ప్రధాన కూడలి వెనెతోకి పది నిమిషాల నడక. ఆదివారాలు, పండగరోజుల వేళలు వేరుగా ఉంటాయి, బళ్ళు తక్కువ.

పదింటికి దిగితే సాయంత్రం ఆరు దాకా ఎనిమిది గంటలు. కూడలి కిందున్న పాలొంబారో లుంగో అనే పెద్ద నీటి తొట్టి, బరిసానో (సస్సి అనే రెండు పాత గుహ ఇళ్ళ పేటల్లో ఒకటి) వైపు దిగి శాన్ పియెత్రో గుహాలయం, మధ్యలో చివితా గుట్ట మీద 13వ శతాబ్దపు కేథడ్రల్, అటు రెండో పేట కవెయోసో వైపు దిగితే సాంతా మరియా దె ఇద్రిస్, సాంతా లుచియా అల్లె మల్వె అనే గుహ చర్చిలు, చివరికి పాత సంసారం ఎలా ఉండేదో సామానుతో సహా చూపించే కాసా గ్రొత్తా. నింపాదిగా చూసినా అయిపోతాయి. ఇక రాత్రి దేనికి?

తెల్లారిజాము
లెక్క సరే, గడియారమే తప్పు. మీరు చెప్పిన పది నుంచి ఆరు అన్నది బారి నుంచీ ఓడరేవుల నుంచీ టూరిస్టు బస్సులన్నీ దిగే వేళ. జులైలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆ తెల్లరాయి మీద నిలబడటమే కష్టం. కింద రాయి, పక్కన రాయి, వెనక రాయి, అన్నీ వేడి కక్కుతుంటాయి. దుకాణాలు కూడా చాలావరకు ఆ వేళకు తలుపులు వేస్తాయి. ఎనిమిది గంటల్లో మూడు అక్కడే పోయాయి.

ఇంకో సంగతి వెలుతురు. ఊరి మొత్తం ఒక్క చూపులో కనిపించేది ఊరి పక్కనున్న గ్రవీనా వాగు లోయకి అవతలి గట్టున, ముర్జా తిమోనె అనే చోటి నుంచి. అది ఊరికి తూర్పున ఉంది. అంటే పొద్దున సూర్యుడు మీ వీపు వెనక ఉండి ఊరి ముఖం మీద పడతాడు, గుహల నోళ్ళు ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. మధ్యాహ్నం దాటాక సూర్యుడు ఊరి వెనక్కి పోతాడు. ఫొటోలో ఊరంతా నల్లటి ముద్ద. మళ్ళీ పొద్దుగూకాక దీపాలు వెలిగినప్పుడే బాగుంటుంది. పగటి యాత్రికుడికి ఈ రెండూ దొరకవు, ఆ మధ్యలో ముద్దే దొరుకుతుంది.

కొలిమిగట్టు
ముర్జాకి కారులో వెళ్ళొచ్చు కదండీ.

తెల్లారిజాము
కారుంటే వెళ్ళొచ్చు. మీరు రైల్లో వచ్చారు. నడకైతే పోర్తా పిస్తోలా దగ్గర లోయలోకి దిగి, వేలాడే కాలివంతెన దాటి, అవతల గుట్ట ఎక్కాలి. పోనూ రానూ రెండు గంటలు పెట్టుకోండి. చెప్పులు పనికిరావు, బూట్లు కావాలి. గులకరాళ్ళు జారతాయి, నీడ ఉండదు, మంచినీళ్ళు దొరకవు. వాన పడితే వంతెన మూసే అవకాశం ఉంది, ముందే కనుక్కోవాలి. జూన్‌లో పొద్దున ఆరున్నరకు బయల్దేరితే హాయి. పన్నెండింటికి బయల్దేరితే వడదెబ్బ.

పైగా 8, 9 శతాబ్దాల నాటి కుడ్యచిత్రాలున్న ఆదిపాప గుహ ఊరికి 14 కిలోమీటర్ల దూరం. ముందుగా బుక్ చేసుకోకుండా రానివ్వరు. మీ ఎనిమిది గంటల్లో అది ఎక్కడ పడుతుంది?

సున్నంబట్టీ
రాత్రి ఉండాలన్న మాట ఒప్పుకుంటాను. గుహలోనే ఉండాలన్నది మాత్రం హోటళ్ళ ప్రచారం.

రాయి సంగతి ముందు. అక్కడివాళ్ళు తూఫో అంటారు గానీ అది అగ్నిపర్వతపు బూడిదరాయి కాదు. సముద్రపు గవ్వలూ నత్తగుల్లలూ పొడై గట్టిపడిన సున్నపురాయి, కాల్కరెనైట్. మన తాండూరు నాపరాయీ సున్నపురాయే అయినా పోలికే లేదు. నాపరాయి మీద నీళ్ళు పోస్తే జారిపోతాయి, దీని మీద పోస్తే ఇంకిపోతాయి. ఘనపరిమాణంలో నూటికి నలభై వంతులకు అటూ ఇటూ ఖాళీ రంధ్రాలే. గొడ్డలితో చెక్కగలిగారంటే కారణం అదే. గదిలో చెమ్మకీ కారణం అదే.

మనుషులు లేని లోతు గుహలో రాయి ఏడాదంతా 15, 16 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వాడే గదిలో 18 అనుకుందాం. జులైలో బయట 32 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం. ఆ గాలి 20 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు కడుతుంది. అది 18 డిగ్రీల గోడను తాకితే? ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబులా గోడ చెమరుస్తుంది. "గాలాడనిద్దాం" అని మధ్యాహ్నం తలుపు బార్లా తీసేవాళ్ళు చేతులారా గదిని తడిపేస్తున్నారు. గాలి ఆడించాల్సింది వేసవిలో తెల్లవారుజామున, చలికాలంలో పగలు.

దీనికి తోడు చవుడు. 1950ల వరకు ఆ గదుల్లో మనుషులతో పాటు గాడిదలూ కోళ్ళూ ఉండేవి. పశువుల మూత్రంలోంచి పుట్టిన నైట్రేటు లవణాలు గోడల్లోకి ఇంకిపోయాయి. తేమ ఉన్న రోజున అవి గాలిలో నీటిని లాగుతాయి, ఎండిన రోజున తెల్లగా పొంగి గార పెళ్ళలు ఊడదీస్తాయి. ఎంత ఖరీదైన దుప్పటి పరిచినా గోడ మారదు. ఆస్తమా ఉన్నవాళ్ళకీ, చంటిపిల్లలకీ, మోకాళ్ళ నొప్పులవాళ్ళకీ ఈ సలహా ఇవ్వకండి.

పాతగార
సున్నంబట్టీ గారు రాయి గురించి చెప్పింది నిజం. మరమ్మతు గురించి చెప్పనే లేదు. అన్ని గుహ గదులూ ఒకటి కాదు. సిమెంటు గార మెత్తినచోట మీరన్నట్టే అవుతుంది: చెమ్మ బయటికి దారి లేక లోపలే ఉండి, సిమెంటు వెనకున్న రాయినే పొడి చేస్తుంది. సున్నం గార వేసినచోట గోడ ఊపిరి పీలుస్తుంది, రాలినా గారే రాలుతుంది, రాయి నిలుస్తుంది. నేల కింద గాలి ఆడే ఖాళీ వదిలి, తేమ లాగే యంత్రం పెట్టి, సన్నటి వేడి గొట్టాలు వేసిన గదుల్లో చెమ్మ వాసన కూడా రాదు.

ఇంకొకటి, "గుహ గది" అని అమ్మేవాటిలో చాలా గదులు అసలు గుహలు కావు. తొలిచినప్పుడు వచ్చిన రాతి దిమ్మెలతోనే గుహ ముందు భాగాన కమాను కప్పుతో ఒక గది కట్టేవారు, దాన్ని లమియోనె అంటారు. దీనికి కిటికీ ఉంటుంది, ఎండ పడుతుంది. లోపలి తొలిచిన భాగానికి ఉండదు. మంచం లమియోనెలో, స్నానాల గది గుహలో ఉన్న ఏర్పాటు అన్నిటికన్నా మేలు. కాబట్టి హోటలుకి రాసేటప్పుడు "గుహేనా?" అని కాదు, ఇవి అడగండి:

గదికి కిటికీలు ఎన్ని, అవి బయటికా లేక వసారాలోకా? తేమ లాగే యంత్రం గదిలోనే ఉందా, రాత్రి దాని మోత ఎంత? మంచం నేల మీదా, నిచ్చెన ఎక్కే అటక మీదా? బండి ఆగే చోటి నుంచి గుమ్మానికి ఎన్ని మెట్లు?

చివరి ప్రశ్నకు "కొన్నే" అని జవాబొస్తే మళ్ళీ అడగండి. ఆ ఊళ్ళో కొన్ని అంటే అరవై.

మెట్లబావి
మెట్ల మాట ఎత్తారు కాబట్టి. సస్సిలో చక్రాల పెట్టె లాగడం అసాధ్యం కాదు, కానీ చక్రాలు మిగలవు. రాళ్ళు నున్నగా అరిగిపోయాయి, వాన చినుకు పడితే సబ్బు రాసినట్టే. రాత్రికి కావాల్సినవి భుజం సంచిలో పెట్టుకుని, పెద్ద పెట్టె బారిలోనో స్టేషను దగ్గర సామాను గదిలోనో వదలడం మంచిది. కొన్ని హోటళ్ళు సామాను మోయడానికి మూడు చక్రాల ఆపే పంపిస్తాయి. మన ఊళ్ళలో తిరిగే ఆపే ఆటోకి ఇటలీలోనే పుట్టిల్లు, అదే పియాజియో కంపెనీ.

కారులో వచ్చేవాళ్ళకి హెచ్చరిక: సస్సి అంతా జెడ్‌టీఎల్, అంటే అనుమతి లేని బళ్ళు వెళ్ళకూడని ప్రాంతం. గేటు ఉండదు, కెమెరా ఉంటుంది. బోర్డు మీద "వార్కో అత్తివో" అని వెలిగితే "దారి తెరిచే ఉంది కాబోలు" అనుకుని వెళ్ళిపోతారు. దాని అర్థం కెమెరా పనిచేస్తోందని, అంటే మీరు వెళ్ళకూడదని. జరిమానా కాగితం నెలల తర్వాత అద్దె కార్ల కంపెనీ ద్వారా వస్తుంది, దాని మీద కంపెనీ రుసుము అదనం. హోటలుంటే బండి నంబరు ముందే వాళ్ళకి పంపి నమోదు చేయించుకోండి. లేదంటే సస్సికి ఎగువనున్న పై ఊళ్ళో ఆపండి: నీలం గీతలు డబ్బు కట్టేవి, తెల్లవి ఉచితం, పసుపువి మీవి కావు.

ఊరవతల
చెమ్మ, మెట్లు, కెమెరాలు అన్నీ అయ్యాయి. అసలు అడగాల్సింది వేరే. 1950లో ఇటలీ ప్రధాని దె గాస్పెరి వచ్చి సస్సి ఇళ్ళ దుస్థితి చూశాడు, 1952లో ఆ ఇళ్ళు ఖాళీ చేయించే చట్టం చేశారు, సుమారు పదిహేను వేల మందిని ఆ ఇళ్ళలోంచి కొత్త పేటలకు తరలించారు. అప్పట్లో జాతికి సిగ్గు అన్న ఇళ్ళే ఇప్పుడు రాత్రికి వందల యూరోలు. ఆ కుటుంబాల మనవలు ఎగువన అపార్టుమెంట్లలో ఉన్నారు. గుహ హోటలు పెరిగే కొద్దీ సస్సిలో చాకిరేవూ లేదు, కూరగాయల కొట్టూ లేదు. అలాంటప్పుడు మనం చూసేది ఊరా, సెట్టింగా?

పాతగార
బాధ అర్థమైంది, కానీ మధ్యలో ముప్పై ఏళ్ళు మింగేశారు. ఖాళీ చేశాక ఆ ఇళ్ళకి ఎవరూ లేరు. కప్పులు కూలాయి, తలుపులకు ఇటుకలు పేర్చి మూసేశారు. 1986లో 771వ నంబరు చట్టం వచ్చి, మరమ్మతులకు 10,000 కోట్ల లీరాలు కేటాయించి, ప్రభుత్వానివైన ఇళ్ళను దీర్ఘకాలపు ఒప్పందం మీద ఇవ్వడం మొదలుపెట్టాకే మనుషులు తిరిగొచ్చారు. 1993లో యునెస్కో జాబితా ఆ తర్వాతే. రాతి ఇల్లు పొయ్యి వెలగక, తలుపు తీయక వదిలేస్తే బతకదు.

సున్నంబట్టీ
ఈ ఒక్క విషయంలో ఊరవతల గారికి సగం మద్దతు. సస్సి మురికివాడ అయింది గుహల వల్ల కాదు, నీటి ఏర్పాటు చెడిపోవడం వల్ల. వాననీటి తొట్లు, వాలు కాలువలు, ఒకరి కప్పు మరొకరి దారి అయ్యే అమరిక, అన్నీ లెక్కగా పనిచేసేవి. జనం పెరిగాక తొట్లనే ఇళ్ళుగా మార్చారు. రెండు సస్సిల అడుగున పారే మురుగు వాగుల్ని 1930లలో కప్పి రోడ్లు వేశారు, ఇప్పటి ఫియొరెంతీని వీధీ బుయోజ్జి వీధీ అవే. అందుకే హోటలు కన్నా ముందు పాలొంబారో చూడాలంటాను. సుమారు 50 లక్షల లీటర్లు పట్టే తొట్టి, గోడలకు పెంకుల పొడి కలిపిన సున్నం గార, ఇప్పటికీ నీళ్ళు కారదు. చెమ్మను ఎలా అదుపులో పెట్టాలో వాళ్ళకి తెలుసు. మర్చిపోయింది తర్వాతివాళ్ళు.

ఊరవతల
రాత్రి ఉండేవాళ్ళు మర్నాడు ఒక గంట స్పీనె బియాంకె పేటకో లా మర్తెల్లాకో కేటాయించండి. తరలించినవాళ్ళ కోసం 1950లలో కట్టినవి. లా మర్తెల్లాకి నక్ష వేసిన బృందానికి పెద్ద ఆర్కిటెక్టు లుదొవీకో క్వారోని. అక్కడ టికెట్టు లేదు, క్యూ లేదు.

వంకాయతొడిమ
పక్కదారి ప్రశ్న: శాకాహారులకి ఏమన్నా దొరుకుతుందా?

మెట్లబావి
ఫావె ఎ చికోరియా అడగండి, ఎండు బద్దల చిక్కుడు ముద్ద మీద చేదు ఆకుకూర, ఆలివ్ నూనె. మన పప్పుకి దగ్గరి చుట్టం. క్రాపియాతా అనే గింజల పులుసు కూడా. ఒరెక్కియెత్తె (చెవి ఆకారపు పాస్తా), చీమె ది రాపా (ఒక ఆకుకూర) కలిపి చేసేది బాగుంటుంది గానీ అందులో ఆంకోవీ చేప నలిపి వేస్తారు, కంటికి కనపడదు. "సెంజా అచ్చూగె" అని చెప్పాలి. వేయించిన ఎండు మిరప, పెపెరోని క్రుస్కి, తప్పకుండా. కారం ఉండదు, వడియంలా కరకరలాడుతుంది.

కొలిమిగట్టు
సరే. పొద్దున వెలుతురు, మధ్యాహ్నపు మూడు గంటలు, ఈ రెంటికీ నా దగ్గర జవాబు లేదు. రాత్రి ఒప్పుకున్నాను, గుహ ఒప్పుకోలేదు. పై ఊళ్ళో, రిదోలా వీధి చుట్టుపక్కల, అంచున గది తీసుకుంటే సస్సి కిందే కనిపిస్తుంది, గది పొడిగా ఉంటుంది, స్టేషను నడిచే దూరం. పాతగార గారి నాలుగు ప్రశ్నలకూ సరైన జవాబు ఇచ్చిన హోటలుంటే అప్పుడు చూద్దాం.

పాతగార
అంచు గది మంచి మధ్యేమార్గమే. ఒక్క తేదీ మాత్రం చూసుకోండి. జులై 2 మదొన్నా దెల్లా బ్రూనా పండగ. కాగితపు గుజ్జుతో నెలల తరబడి చేసిన రథాన్ని ఆ రాత్రి వెనెతో కూడలిలో జనమే ముక్కలు చేసి ఇంటికి పట్టుకుపోతారు. దాని కోసమే వెళ్తే గది నెలల ముందు పట్టుకోవాలి. దాని కోసం కాకపోతే జూన్ చివరిలోనే వెళ్ళొచ్చేయండి.