కోపంతో అరిచినవాణ్ని ‘శివాలెత్తాడు’ అనడం సరైనదేనా?

శివసత్తి మనవరాలు:
మొన్న మా ఆఫీసులో మేనేజర్ కొత్తగా చేరిన పిల్లను అందరి ముందు అరగంట తిట్టాడు. ఫైల్ విసిరికొట్టాడు. మధ్యలో పైఅధికారి ఫోన్ వస్తే “నమస్తే సార్” అంటూ మెత్తగా మాట్లాడి, పెట్టేశాక ఆపిన చోటు నుంచే మళ్లీ అందుకున్నాడు. లంచ్‌లో అందరిదీ ఒకటే మాట: “సార్ ఇవాళ శివాలెత్తిపోయాడు.” నాకది మింగుడుపడలేదు.

మా నానమ్మ శివసత్తి, అంటే ఒంటిమీదికి దేవుడు వచ్చే భక్తురాలు. సంక్రాంతి తర్వాత ఆదివారాల్లో కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయేవాళ్లం. రంగుల ముగ్గుతో పట్నం వేసి, మల్లన్నను కొలిచే ఒగ్గు పూజారులు డోలు అందుకోగానే ముందు ఆమె వేళ్లు వణికేవి, తర్వాత కొప్పు ఊడేది. సిగం ఊగుతుంటే, అంటే పూనకంలో ఉంటే, కన్నకొడుకు ఎదురుగా నిలబడ్డా గుర్తుపట్టేది కాదు. దిగాక నోరెండిపోయి, “నేనేమన్న అన్ననా బిడ్డా?” అని అడిగేది. శివమెత్తడమంటే అది. ఫోన్ రాగానే ఆగి, పెట్టేయగానే తిరిగొచ్చేది శివం ఎట్లా అవుతుంది?

డెస్క్ మనిషి:
అక్కా, నేను 15 ఏళ్లుగా పత్రికలో వార్తలు దిద్దుతున్నాను. మాట పుట్టినచోటే ఉండిపోదు. ‘సాహసం’ అంటే పాత ధర్మశాస్త్రాల్లో దౌర్జన్యం, నేరం. ఇప్పుడు సాహసం చేసిన పిల్లలకు అవార్డులిస్తున్నాం. ‘ఉద్యోగం’ అంటే ప్రయత్నం, భారతంలో ఉద్యోగపర్వం అందుకే. శివాలు కూడా అంతే. ఇవాళ అనేవాడికీ వినేవాడికీ కోపమే తోస్తుంది, దేవుడు గుర్తురాడు.

గోదావరి లంక:
మాకు వీరభద్రుడి ఆట పేరైన ‘వీరంగం’తో ఇదే బాధ. తాగినవాడు నడిరోడ్డు మీద సీసా పగలగొడితే ‘మందుబాబు వీరంగం’ అని హెడ్డింగ్ పెడతారు. వీరభద్రుడి సంబరం చూసినవాళ్లకు అది గుచ్చుకుంటుందండీ. దక్షయజ్ఞంలో సతీదేవికి జరిగిన అవమానానికి శివుడి జటలోంచి పుట్టినవాడు వీరభద్రుడు. వీరణం మోగుతుంటే, “శరభ శరభ” అని జనం అరుస్తుంటే, మండే కర్పూరం పళ్లెం అరచేతిలో పెట్టుకుని ఆడతారు. శూలం లాంటి నారసం ఒంటికి గుచ్చుకుంటారు. ఒక్క అడుగు తప్పదు. తూలిపడేవాడికి ఆ పేరా?

శివసత్తి మనవరాలు:
డెస్క్ అన్నా, దేవుడి మాట అపవిత్రమైందని నా బాధ కాదు. అర్థం మారిపోయిందంటున్నారు కదా, మారలేదనే నేననేది. ఆ రోజు ఏడుస్తున్న పిల్లకు మా సీనియర్ ఒకాయన చెప్పిన మాట వినండి: “సార్ శివాలెత్తినప్పుడు ఎదురు చెప్పకూడదమ్మా, కాసేపటికి దిగిపోతుంది.” ‘దిగిపోతుంది’ అన్నాడు! పూనకం దిగినట్టే. పూనినవాళ్లను మనం ఎందుకని అడగం. పక్కకు జరుగుతాం, దిగేదాకా ఆగుతాం, తర్వాత ఏమీ అనం. మేనేజర్‌కూ, ఇంట్లో మగాడికీ ఆ మర్యాదంతా ఈ ఒక్క మాటతో దక్కుతోంది. అదే ఆ పిల్ల గొంతు పెంచి ఉంటే శివాలెత్తిందనేవాళ్లా? నోరు పారేసుకుంది అనేవాళ్లు.

డెస్క్ మనిషి:
‘దిగిపోతుంది’ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. నిజమే, మేమూ అలాగే అంటాం. మరి బదులు ఏం రాయమంటారు? ‘చిందులు తొక్కాడు’ అంటే వెటకారంగా ఉంటుంది. ‘విరుచుకుపడ్డాడు’ నయం, ఎవరి మీద అన్నది రాయకపోతే వాక్యం నిలవదు. కానీ ఆస్పత్రి వరండాలో బిడ్డ పోయిన తండ్రి కుర్చీలు ఎత్తేస్తే? అక్కడ శివాలు తప్ప వేరే మాట సరిపోదు.

శివసత్తి మనవరాలు:
ఆ తండ్రికి ఆ మాట నేనూ వాడతాను. అతను నిజంగా తనలో లేడు.

గోదావరి లంక:
ఆ కొత్త పిల్ల సంగతి ఏమైందమ్మా?

శివసత్తి మనవరాలు:
నిన్న ఫిర్యాదు రాసింది. ముందు ‘సార్ కోపంలో శివాలెత్తి’ అనే మొదలుపెట్టింది. నేనే కొట్టేయించాను. ‘నా మీద అరిచారు, ఫైల్ విసిరారు, 11:20కి ఫోన్ మాట్లాడి మళ్లీ అరిచారు’ అని రాసింది. కింద నేను కూడా సంతకం పెట్టాను.